మూగవోవుచున్న పెట్టెలు

ఒక సీమ చరిత్రమును వ్రాయబూనువారు శాసనములను వెదకుదురు, తాళపత్రములను విప్పుదురు, దస్తరములను దిరుగవేయుదురు. ఆ సీమ ప్రజలు ఎట్లు మాటలాడిరో, ఎట్లు పాడిరో, దూరమున నున్న తమవారిని ఏమని పిలిచిరో తెలుపు సాధనము మాత్రము వారి లెక్కలోనికి వచ్చుట లేదు. కథలాపూరు, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములకు సంబంధించినంతవరకు ఆ సాధనములో నధికభాగము ఏ భాండాగారమునందును లేదు. అది మన యిండ్ల అటుకులమీదను, అలమారుల యడుగు అరలలోను, తుప్పు పట్టిన ఇనుప సందుకలలోను బడియున్నది. దానిని మనము క్యాసెట్టు అందుము. దానిని పలికించు పెట్టెను టేపురికార్డరు అందుము. పాత సామాను కొనువాడు వీధిలోనికి వచ్చినపుడు రెంటిని గలిపి కిలోల లెక్కను దూచి యిచ్చుచున్నాము.

మాకీ విషయమునందలి యభిమానము నిన్న మొన్నటిది కాదు. ఇంట శబ్దయంత్రములను సమకూర్చుకొనుట మాకు బాల్యమునుండియు నంటుకొన్న వ్యాపకము. వ్యసనములు ఏడని పెద్దలు లెక్కించిరి. ఎనిమిదవదానిని మేము కనిపెట్టితిమని మా యింటివారు పరిహసించుచుందురు. చావి ద్రిప్పి పాడించు గ్రామఫోను ఒకటి, తాతగారి నాటి మర్ఫీ రేడియో ఒకటి, దుబాయినుండి వచ్చిన టూ-ఇన్-వన్ ఒకటి, పట్టణమున బేరమాడి కొన్న టేపుడెక్కులు రెండు, ఇవి గాక పేరు చెప్పుటకు జంకదగిన యితర సామగ్రి యెంతయో కలిసి మా యింట నొక గదిని పూర్తిగా నాక్రమించియున్నవి. నలువది దాటిన వయస్సున నిలిచి వెనుకకు జూచుకొనగా, వీనికి పెట్టిన ఖరీదునకును వీనివలన దక్కిన ఫలమునకును ఏ సంబంధమును లేదని తేటపడుచున్నది. అన్నిటికంటె చవుకగా వచ్చిన వస్తువే యన్నిటికంటె విలువైనదిగా నిలిచినది. ఎట్లనగా వివరింతుము.

మాటను పట్టి నిలుపు విద్య పుట్టి నూటయేబది యేండ్లు కావచ్చినది. అమెరికా దేశమున ఎడిసన్ తన ఫోనోగ్రాఫును 1877లో వెలువరించెను. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి గానమును పలకలపై నెక్కించెను. ఆ పలకలకు ముఖ్యమైన ముడిసరకు లక్క. ఆ లక్కలో హెచ్చుభాగము మన దేశపు టడవులలో పురుగులు పెట్టినదే. లక్క మనది, గొంతు మనది, లాభము సీమవారిది. ఈ వ్యాపారరీతి మనకు క్రొత్త కాదు గనుక దానినిగూర్చి విస్తరింపము. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగు నా పలకపై నొక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టును. ముల్లు అరుగును, మార్చవలెను. చావి సడలును, త్రిప్పవలెను. పద్యము చివరి రాగము నందుకొనునప్పటికి ప్లేటు ముగియును. అయినను రంగస్థల పద్యముల ప్లేట్లు ఒకనాడు తెలుగునాట నింటింట మ్రోగినవందురు. ఇంటింట ననుట యతిశయోక్తి. కలవారి యిండ్ల మ్రోగినవి. మా ప్రాంతమున దొరల గడీలలోను, పటేలు పట్వారీల చావడులలోను ఆ పెట్టె యుండెడిది; తక్కిన యూరు గోడ కీవల నిలిచి వినెడిది. మా యింటి ప్లేట్ల మూటలోని గొంతులన్నియు మద్రాసునుండియు, కృష్ణా గోదావరీ తీరములనుండియు వచ్చినవి. మానేటి తీరపు గొంతు అందు ఒక్కటియు లేదు.

రేడియో కథ వేరు. హైదరాబాదున 1930లలో మొదలైన ప్రసారములు 1935లో నిజాము ప్రభుత్వము చేతిలోనికి వచ్చినవి. దక్కను రేడియో యని దానికి పేరు. అందు ఉర్దూదే పెద్దపీట. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న మొదలైనది. 1950లో హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో జేరినది. రేడియో కొన్నవాడు తపాలా కచేరికి బోయి లైసెన్సు తీసికొని, ఏటేట రుసుము చెల్లింపవలసియుండెను. 1885 నాటి తంతి చట్టము నీడలో నింటిలోని పాటకు గూడ సర్కారు సెలవు కావలసివచ్చెను. ఈ యేర్పాటు 1980లలో రద్దైనది. రద్దైన పిమ్మటను మా తాతగారు ఆ లైసెన్సు పుస్తకమును పట్టా కాగితములతో గలిపి భద్రపరచిరి. సర్కారు ఎప్పుడు మనసు మార్చుకొనునో యెవరికెరుక యని వారి వాదము. ఆ వాదమును ఖండించుటకు మాకు నేటికిని ధైర్యము చాలదు.

ట్రాన్సిస్టరు వచ్చిన తర్వాత రేడియో గడీ దాటి బావిగట్టునకు, బావిగట్టునుండి బీడీల చేటప్రక్కకు వచ్చెను. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు వేలాది స్త్రీలకు బీడీలు చుట్టుట జీవనాధారము. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. వసారాలో వరుసగా కూర్చున్న ఆడువారి నడుమ నొక రేడియో మ్రోగుచుండుట మా చిన్ననాట ఏ వాడకు బోయినను గానవచ్చు దృశ్యము. చేతులకు పని, కన్నులకు పని; చెవులకు మాత్రమే తీరిక. ఆ తీరికను రేడియో నింపినది. సిరిసిల్లలో నిందుకు విపరీతము. చేతిమగ్గమునాడు పాడుకొనుచు నేసిన నేతగాడు మరమగ్గము వచ్చిన పిదప నోరు మూసికొనెను. ఆ చప్పుడులో రేడియో వినబడదు సరిగదా, ప్రక్కవాని కేకయు వినబడదు. యంత్రమే యొకచోట పాటను దెచ్చినది, మరియొకచోట మ్రింగినది. ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశ్రమల లాభనష్టములను గణించునపుడు ఈ పద్దును ఏ ఖాతాలో వ్రాయుదురో మాకు దెలియదు.

ఎంత మేలు చేసినను రేడియో వినిపించునే గాని వినదు. గ్రామఫోనును అంతే. వినునట్టి యంత్రము, అదియును చదువురాని వానిచేతికి లొంగునట్టిది, హాలెండుదేశపు ఫిలిప్సు కంపెనీవారి యొద్ద పుట్టినది. లూ ఆటెన్స్ అను ఇంజనీరు తన కోటు జేబులో పట్టునంత కొయ్యముక్క నొకదానిని జేయించి, యంత్రము ఇంతకు మించరాదని తనకు దానే నియమము పెట్టుకొనెనని చెప్పుదురు. 1963లో బెర్లిను ప్రదర్శనమున లోకము దానిని జూచినది. అందలి క్యాసెట్టులో నున్నది నాలుగు మిల్లీమీటర్లకు లోపు వెడల్పు గల ప్లాస్టిక్కు నాడా; దానిపై ఇనుప తుప్పువంటి పొడి పూత. సెకనునకు అయిదు సెంటిమీటర్లకు కొంచెము తక్కువగా నది చిన్న అయస్కాంతపు తలను రాచుకొనుచు బోవును. మన పలుకు విద్యుత్తుగా మారి యా పొడిని దిద్దును; మరల ద్రిప్పినచో నా పొడియే పలుకును. ఎఱ్ఱమీటను నొక్కుట వచ్చిన చాలును. ఇంతకుముందు శబ్దము కలవారినుండి లేనివారికి, పట్టణమునుండి పల్లెకు మాత్రమే ప్రవహించెడిది. ఈ చిన్న పెట్టె ఆ ప్రవాహమును రెండువైపుల నడిపించెను.

అది మా ప్రాంతమునకు వచ్చిన త్రోవ గూడ ఆలోచింపదగినది. 1973లో చమురు ధర పెరిగినది. అరబ్బు దేశములు ఇండ్లు, దారులు, రేవులు కట్టసాగినవి. నీరు చాలని కరీంనగరు జిల్లా పల్లెలనుండి యువకులు అప్పులు చేసి, ఏజెంట్లకు డబ్బు కట్టి, విమానమెక్కిరి. మస్కటు, బహ్రెయిను, కువైటు, సౌదీ యని పటములో నెన్ని పేర్లున్నను మా యూళ్లలో వాని కన్నిటికి నొక్కటే పేరు: దుబాయి. రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై తిరిగివచ్చినవాని వెంట మెత్తని దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైటు, టేపురికార్డరు తప్పక వచ్చెడివి. పెట్టె ఎంత పెద్దదైన నంత సంపాదించినట్లు లెక్క. దానికి కుట్టుపని చేసిన గుడ్డ తొడిగి, అద్దాల అలమారులో బెట్టి, పండుగనాడు దీసెడివారు.

మా వర్గమువారికి రుచింపని మాట యొకటి యిచ్చట చెప్పవలసియున్నది. గడీ గోడ కీవల నిలిచి గ్రామఫోను విన్నవాని మనుమడు, గడీలో లేని పెట్టెను తన యింటి అరుగుమీద బెట్టి మ్రోగించెను. జీతముండినవాని కొడుకు దెచ్చిన జపాను పెట్టె పాటను వినవచ్చినవారిలో భూస్వాముల బిడ్డలును గలరు. మేమును వారిలో నొకరము. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జరిపిన జైత్రయాత్రను గూర్చి పుస్తకములు వెలువడినవి. వెట్టిని, దొరతనమును కదలించుటలో దానికి గల స్థానము వేరు. దానితో నీ పెట్టెల రాకను సమముగా దూచుట మా యుద్దేశము గాదు. కాని ఎవరి వాకిట పాట మ్రోగవలెను, ఎవరు నిలుచుండి వినవలెను అను తరతరముల కట్టుబాటు మా యూళ్లలో ఏ సభయు లేకుండ, ఏ తీర్మానమును లేకుండ, ఒక్క తరములో దారుమారైనది. దీనిని గుర్తింపక పెట్టెను వట్టి విలాసవస్తువని కొట్టివేయువారు మా ప్రాంతమును చూడనివారు.

పాట మాట యటుంచుడు. ఆ పెట్టె చేసిన ఘనకార్యము ఉత్తరము. దుబాయికి బోయినవాని తల్లికి చదువు రాదు. పెక్కుచోట్ల భార్యకును రాదు. ఉత్తరము వచ్చినచో చదువుకొన్నవాని వాకిటికి బోవలెను. భార్యకు భర్త వ్రాసిన మాటను పరాయివాడు నలుగురిలో బిగ్గరగా జదువును. జవాబును గూడ వానికే చెప్పి వ్రాయించుకొనవలెను. కావున ఆ యుత్తరములలో క్షేమసమాచారములు, డబ్బు లెక్కలు తప్ప వేరొండు మాట యుండెడిది కాదు. క్యాసెట్టు వచ్చిన పిదప ఆ నడిమివాడు తొలగెను. సెలవుపై వచ్చు ఊరివాని చేతికి గదిలోని మిత్రుడు క్యాసెట్టు నిచ్చి పంపును. దానిని పెట్టెలో నిడి మీట నొక్కగానే, "అవ్వా, మంచిగున్నవా? మోకాళ్ల నొప్పి తగ్గిందా? మక్క ఏసిన్రా లేదా?" యను గొంతు వసారాలో వినబడును. ఇది గ్రాంథికము గాదు; పత్రికల వ్యావహారికమును గాదు; కథలాపూరు మాట. పాఠ్యపుస్తకములు తప్పని దిద్దిన మాట, పట్టణములు నవ్విన మాట, సముద్రము దాటి తిరిగి యింటికి వచ్చినది.

యంత్రము లేని యింటివారు యంత్రమున్న యింటికి రావలసియుండెను. మా యింటికి వచ్చినవారు ఎందరో. మా యమ్మగారు క్యాసెట్టు పెట్టి, మీట చూపి, పిల్లలమైన మమ్ములను వెలుపలికి దరిమి, తామును వెలుపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసెడివారు. ఉత్తరము చదువువానిని గది వెలుపలికి బంపిన ఉత్తరము నిలిచిపోవును. యంత్రమును ఒంటరిగా విడువవచ్చును. ఈ యొక్క గుణమువలన నెన్ని కాపురములు నిలిచినవో గణించినవారు లేరు.

ఇక నిందలి విషాదమును జెప్పెదము. ఖాళీ క్యాసెట్టు కొనుట బీదయింటికి భారము. కావున వచ్చిన యుత్తరముమీదనే ప్రత్యుత్తరమును నింపి, అదే క్యాసెట్టును మరల పంపుట వాడుక యయ్యెను. యంత్రధర్మము ననుసరించి క్రొత్తమాట ఎక్కిన చోట పాతమాట చెరగును. భార్య పలికిన ప్రతి పలుకును భర్త పలుకును దుడిచినది. ఆరునెలల పిదప అతని జవాబు ఆమె జవాబును దుడిచినది. ఒక్కొక్క క్యాసెట్టు ఎన్నియో సంవత్సరముల సంభాషణమును మోసి, కడపటి మాటను మాత్రమే మిగుల్చుకొన్నది. అయినచో నేడు సందుకలలో మిగిలియున్నవి యేవి? ప్రత్యుత్తరము పోనివి. జవాబు పోకుండుటకు గారణము కొన్నియెడల మనిషి యింటికి వచ్చివేయుటయే, కొన్నియెడల వేరు.

మా యొద్దకు బాగుచేయుటకై తేబడినవానిలో నట్టిది యొకటి గలదు. పరదేశమున పని చేయుచోట మరణించిన యొకని గొంతు అది. భార్య దానిని పసుపుగుడ్డలో జుట్టి ఇరువది యేండ్లకు పైగా దాచినది. నాడాను తలకు నొక్కిపట్టు చిన్న ఉన్నిముక్క యూడిపోయినందున పెట్టె ఎన్నడో పలుకుట మానినది. డొల్లను విప్పి, నాడాచుట్టలను మంచి డొల్లలోనికి మార్చి, తెగినచోట అతికించి, మెల్లగా ద్రిప్పితిమి. పదునొకండు నిమిషములు పలికినది. అందు తొమ్మిది నిమిషములు ఇంటిపై గప్పవలసిన పెంకులను గూర్చియే. ఎక్కడ కొనవలెను, ఎవరిని నమ్మరాదు, వాన కురియుచోట ముందుగా ఏమి చేయవలెను. ఆ యింటికి స్లాబు పడి యెన్నియో యేండ్లైనది. ఆమె తుదివరకు విని, పెంకుల మాట మరల వినిపింపుమనినది.

ఉత్తరములు గాక మరి రెండు తరగతుల శబ్దము ఈ క్యాసెట్టులలో జిక్కినది. ఒకటి, బజారున అమ్మినది. 1980లలో క్యాసెట్టు ధర పడిపోగా చిన్న పట్టణములలో గూడ పాటలు నింపి యిచ్చు దుకాణములు వెలసెను. కావలసిన పాటల పట్టీ కాగితముపై వ్రాసియిచ్చి వారము దినములు వేచియుండుట మా తరమువారి కందరికిని అనుభవమే. వేములవాడ రాజన్న గుడివీధులలోను, కొండగట్టు మెట్లక్రిందను మల్లన్న కథ, ఎల్లమ్మ కథ క్యాసెట్టులై యమ్ముడుపోయెను. రెండవది, ఇంట నెక్కించుకొన్నది. రాత్రియంతయు సాగు ఒగ్గుకథ యెదుట అరుగుమీద ఒక పెట్టెను బెట్టి, గంటకొకసారి మేల్కొని క్యాసెట్టు మార్చినవారు మా యెఱుకలో నెందరో గలరు. హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములుగారు 2010లో దివంగతులైరి. అదే యూరు సి. నారాయణరెడ్డిగారి జన్మస్థలము. ఇరువురిలో నొకరి వాక్కు అచ్చులో భద్రముగా నున్నది. జ్ఞానపీఠముకూడ దానిని 1988లో గుర్తించినది. రెండవవారి విద్య అచ్చులో బట్టునది కాదు. డోలు దెబ్బ, జగ్గు మ్రోత, నడుమ హాస్యము, శ్రోతల కేరింత, ఇవి తీసివేసి కథను వ్రాసినచో మిగులునది యెముకలగూడు. అట్టి విద్యకు గ్రంథము క్యాసెట్టే. చిరుతల రామాయణము, శారదకథ, బతుకమ్మ చుట్టు ముదుసలి స్త్రీలు తమ తల్లులనుండి నేర్చి పాడిన పాటలు అన్నిటికి నిదే న్యాయము.

ఆ రికార్డింగులు బాగుండునా యని యడుగుదురేమో. కుక్కలు మొరుగును, ట్రాక్టరు పోవును, ఎవడో దగ్గును. మా పట్టణపు మిత్రులు కొందరు శబ్దశుద్ధికై లక్షలు వెచ్చించువారు, వీనిని విని చెవులు మూసికొందురు. శబ్దశుద్ధి మంచిదే, మేమును దానికై హైదరాబాదు కోఠీలోని గుజరాతీగల్లిలో నెన్ని మధ్యాహ్నములు గడపితిమో, జుమ్మెరాత్ బజారులో నేలపై బరచిన పాత సామానులో నెన్ని పెట్టెలను బోర్లించి చూచితిమో లెక్కలేదు. మంచి పెట్టెలో మంచి పాట వినుట చిన్న సుఖము గాదు. కాని ఖరీదైన పెట్టెలో మ్రోగు పాట మరి లక్షమంది యిండ్లను గూడ మ్రోగుచున్నది, అది నశింపదు. కుక్కల మొరుగులో చిక్కిన అవ్వపాట ఆ యొక్క క్యాసెట్టులోనే యున్నది. స్పీకరును మట్టికడవ మూతిపై బెట్టి గంభీరమైన నాదమును రాబట్టిన మా యూరి పడుచువాడు, విదేశపు పత్రికలు చదివి తీగలు మార్చు రసికునికంటె వినుటలో దక్కువవాడని మేమనము.

ఇదంతయు విదేశవస్తు వ్యామోహము గాదా యను నాక్షేపణ గలదు. స్వదేశీ యభిమానము గల మాకీ ప్రశ్న సహజముగానే గుచ్చుకొనును. పెట్టె జపానుది, క్యాసెట్టు పుట్టుక హాలెండుది, డబ్బు అరబ్బులది, నిజమే. దానివెంట గొన్ని దుర్గుణములును వచ్చినవి. వాచి, సైకిలు, రేడియో యని యుండిన వరకట్నపు పట్టీలో టేపురికార్డరు చేరినది. ఆడుబిడ్డ తండ్రి ఆ పెట్టెకొరకు అప్పుచేసినాడు. దీనిని మేము సమర్థింపము. కాని సొమ్ము అరబ్బుల దనుట సరికాదు. ఎండలో సిమెంటు మోసిన మన యూరివాని చెమట యది. స్వదేశీయత వస్తువు పుట్టిన చోటును మాత్రమే కాక, అందులో నిండిన దేమియో కూడ విచారింపవలెను. మన దేశమున జేసిన రేడియోలో పరాయి యూరి గొంతు విన్నాము. పరదేశమున జేసిన పెట్టెలో మన యూరి గొంతును దాచుకొన్నాము. రెండవదానిని విదేశీయమని పారవేయుట యే స్వదేశీయత?

నేటి స్థితి అందరికిని దెలిసినదే. పాటలన్నియు ఫోనులో నున్నవి. సరిగా జెప్పినచో ఫోనులో లేవు, ఎక్కడనో నున్నవి, నెల అద్దె చెల్లించినంతకాలము వినవచ్చును. దుబాయిలోని కొడుకు ప్రతిరాత్రియు ముఖము చూపి మాటలాడుచున్నాడు. ఇది మేలు; తల్లి కన్నీరు తుడుచు దానిని నిందించుటకు మేము సిద్ధముగా లేము. కాని ఆ మాట ముగియగానే మాయమగును. రేపటికి మిగులునది యేమియు లేదు. కావున 1980, 1990 దశకములలో క్యాసెట్టున జిక్కిన మాట, మా ప్రాంతపు సామాన్యుడు తన గొంతును తాను చేతబట్టి యింట దాచుకొన్న మాటలలో మొదటిది. వస్తురూపమున దాచుకొన్నవానిలో బహుశః కడపటిదియు.

ఆ మాటకు గడువు దగ్గరపడినది. నాడాపై పూత రాలుచున్నది. వానకాలపు తేమకు బూజు పట్టుచున్నది. రబ్బరు బెల్టులు కరిగి జిగురగుచున్నవి. అంతకంటె ముఖ్యముగా, పలికించు యంత్రములు, వానిని బాగుచేయువారు కరవగుచున్నారు. మేము మరమ్మతున కిచ్చిన డెక్కు ఒకటి లోపలి మంచి తల మారి తిరిగివచ్చినది. ఆ దుకాణమువానిని దూషించి లాభము లేదు, వానికిని మరియొకచోట తల దొరకలేదు. 2019లో యునెస్కోయు, ధ్వనిభాండాగారముల అంతర్జాతీయ సంఘమును అయస్కాంతపు నాడాలను గూర్చి లోకమునకు హెచ్చరిక చేసి, 2025 ప్రాంతమునకు వీనిని పలికించుట దుర్ఘట మగునని తెలిపినవి. ఆ గడువును దాటితిమి. వియన్నా నగరమువారు 1899లోనే ధ్వనిభాండాగారమును స్థాపించిరి. మన దేశపు భాషలను పరిశీలించిన గ్రియర్‌సన్ దొర కాలమున, పెక్కు భాషలవారిచేత బైబిలులోని దారితప్పిన కుమారుని కథను చెప్పించి ప్లేట్లపై నెక్కించిరి. దూరదేశమునకు బోయి తిరిగివచ్చిన కుమారుని కథ యది. మా యూళ్ల కుమారులు ఆ కథను ఎవరును చెప్పింపకయే, తమంత తాము, తమ మాటలో, వందల గంటలు చెప్పియుంచిరి. దానిని వినుటకు మనకు తీరిక లేదు.

ఇందుకు గావలసిన వెచ్చము గొప్పది గాదు. ఇంటిపన్నుతో పాటు మనము గ్రంథాలయపు పన్నును చెల్లించుచున్నాము. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల గ్రంథాలయ సంస్థలు ఒక్కొక్కటి రెండు మంచి డెక్కులను, ఒక కంప్యూటరును, ధ్వనిని అంకెలుగా మార్చు చిన్న పరికరమును గొని, చెవి గల యొక యువకునికి రెండేండ్లు జీతమిచ్చినచో పని సాగును. ఒక గంట క్యాసెట్టుకు ఒక గంట పట్టును. దీనిలో దగ్గరిదారి లేదు. ఎక్కించిన ధ్వనిని కుదింపకుండ వేవ్ అను రూపముననే యుంచి, రెండు వేరు చోట్ల రెండు ప్రతులు దాచవలెను. గ్రంథాలయమనగా అచ్చుపుస్తకమే యను సంకోచము పనికిరాదు. చదువురాని తల్లి కట్టిన పన్నుకు గూడ గ్రంథాలయము లెక్క చెప్పవలసియున్నది.

ఒక జాగ్రత్త మాత్రము తప్పదు. ఒగ్గుకథ ఊరి సొత్తు. ఉత్తరము ఇంటి సొత్తు. భార్యాభర్తల మాటను వారి యనుమతి లేక పరిశోధకునికి గూడ వినిపింపరాదు. ప్రతిని మొదట ఇంటివారి చేతిలో బెట్టి, వారు వలదన్నచో గ్రంథాలయము తన ప్రతిని చెరిపివేయవలెను. కొన్ని సంవత్సరములు మూసియుంచుడన్నచో ముద్రవేసి మూయవలెను. తలుపు దగ్గరగా వేసి వెలుపల నిలిచిన మా యమ్మగారి మర్యాదకు దక్కువ మర్యాదతో నీ పని జరుగుటకు మేమొప్పుకొనము.

గ్రంథాలయ సంస్థలు కదలువరకు పాఠకులు చేయదగినది కొంత కలదు. దుకాణపు బొమ్మ అంటించిన క్యాసెట్టులను పక్కన బెట్టుడు; అవి యెక్కడనో మరియొక ప్రతి యుండును. పేరు లేనివి, చేతివ్రాత గలవి, పసుపుగుడ్డలో నున్నవి మొదట దీయుడు. వెనుకనున్న రెండు చిన్న ప్లాస్టిక్కు రెక్కలను విరిచినచో దానిపై మరల నేదియు నెక్కదు. ఇంట పిల్లలున్నచో ముందుగా నా పని చేయుడు. బూజు కనబడినచో పెట్టెలో వేయకుడు, ఎండలో నారవేయకుడు, స్పీకరు ప్రక్కన నుంచకుడు. కథలాపూరున మా యింట పనిచేయు డెక్కులు రెండున్నవి. బెల్టులు క్రొత్తవి వేయించితిమి. ఆదివారములు మేము ఇంటనే యుందుము.